బోర్డు వోయింది సార్: సటీకా తాత్పర్యము

మూలము: బోర్డు వోయింది సార్. మార్చాలె.

అవతారిక: శ్రావణం. నాలుగు రోజులుగా ముసురు. దండెం మీద బట్టలు ఆరక ముక్కవాసన కొడుతున్నాయి. అట్టి సమయాన మా వాషింగ్ మెషీను మౌనవ్రతం పట్టింది. మీట నొక్కితే దీపం లేదు, కుయ్యిమనే చప్పుడూ లేదు. డ్రమ్ములో మూడు దుప్పట్లు, రెండు లుంగీలు. “పొద్దున పదికీ సాయంత్రం ఆరుకీ మధ్య ఎప్పుడైనా” వస్తామని చెప్పి మూడు రోజులు ఇంట్లో కట్టిపడేశాక, నాలుగో రోజున మెడలో కార్డు వేలాడేసుకుని ఒక కుర్రాడు వచ్చాడు. ప్లగ్గు పీకాడు. గోడ సాకెట్టులో టెస్టరు గుచ్చాడు. దాని కడుపులో ఎర్రదీపం మిణుకుమంది. తల పంకించి, ఒక్క మర విప్పకుండా, మెషీను వెనక్కి తొంగైనా చూడకుండా, పై మహావాక్యం ఉపదేశించాడు. దక్షిణ: విజిటింగ్ చార్జీ 500, దాని మీద జీఎస్టీ 18 శాతం, వెరసి 590. వాక్యంలో నాలుగు మాటలు. మాటకు 147 రూపాయల 50 పైసలు. పద్యానికి అగ్రహారం పుచ్చుకున్న కవులున్నారు గాని, వాళ్ళు కనీసం గణాలైనా సరిచూసుకున్నారు.

ప్రతిపదార్థము: సార్ = సుగమము. మార్చాలె = కొత్త బోర్డుకు 6,500, బిగింపు కూలి వేరే. ఇదీ సుగమమే. చిక్కైన చోట ‘స్పష్టం’ అని దాటేసి, తేటతెల్లమైన చోట సమాసాలు కురిపిస్తారని భోజరాజు తన యోగసూత్ర వృత్తి మొదట్లోనే టీకాకారులను దులిపేశాడు. ఆయన మాట తలదాల్చి, అసలు చిక్కంతా ఉన్న ‘వోయింది’ దగ్గర ఆగుతున్నాను.

వోయింది = పోయింది. ఇక్కడ పాఠభేదం. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న మా ఆవిడ ‘పోయింది’ అనే అన్నాడంటుంది. పోపు చప్పుడులో విన్న పాఠం ప్రమాణం కాదు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ‘వోయింది’ అనే అన్నాడు. ప్రథమావిభక్తి మీద వచ్చే క చ ట త పలు గ స డ ద వలు అవుతాయి. గసడదవాదేశ సంధి. ఈ సూత్రమున్న చిన్నయసూరి బాలవ్యాకరణం అచ్చయింది 1858లో. నలభై ఏళ్ళు నల్లబోర్డు మీద ‘వారు + పోరు = వారువోరు’ అని రాసి రాసి సుద్దముక్కలు అరగదీశాను. ఒక్క విద్యార్థి నోట, పరీక్షలో తప్ప, ఆ సంధి వినలేదు. ఇంగ్లీషు ముక్క బోర్డును కర్తగా నిలబెట్టి, దాని మీద పకారాన్ని వకారం చేసి, ఆయాసం లేకుండా పలికాడు ఈ బిడ్డ! ఏ ఊరు నాయనా అన్నాను. మెదక్ దిక్కు సార్ అన్నాడు. అవును మరి, అక్కడ ‘బువ్వ వెట్టు’ అంటారు, ‘పైసలు గావాలె’ అంటారు. సూరిగారి సూత్రం కోస్తా పాఠ్యపుస్తకాల్లో పడుకుని నిద్రపోతుంటే, మంజీర ఒడ్డున పొద్దున్నే లేచి బర్రెలు తోలుకుపోతోంది. ఆ మాండలికాన్ని మోటు అని నవ్విన మా లెక్చరర్ల గదిని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ‘వారువోరు’ అని పుస్తకంలో ఉంటే గ్రాంథికమట, అదే ‘కరెంటు వోయింది’ అని మనిషి అంటే యాసట!

ఏం చెబుతున్నాను? మెషీను.

‘పోవు’ ధాతువుకు మన భాషలో మోయలేనంత బరువు. కరెంటు పోతుంది, పరువు పోతుంది, ప్రాణం పోతుంది, ఉద్యోగం పోతుంది, ఇప్పుడు బోర్డు. ఈ క్రియలో పోగొట్టినవాడు ఎక్కడా కనపడడు. ‘చెడగొట్టారు’ అంటే ఎవరని అడగొచ్చు. ‘కాలింది’ అంటే ఎక్కడ, చూపించమనొచ్చు. ‘పోయింది’ అంటే అడిగేందుకేముంది, దండం పెట్టుకోవడమే. పరామర్శకు వచ్చినవాడి గొంతుతో ఆ కుర్రాడు ఎస్టిమేటు ఫోనులో చూపించాడు. బోర్డుతో పాటు ఒక స్టెబిలైజరు, సున్నం కరిగించే పొడి, మూడేళ్ళ ఏఎంసీ. మెదక్ జిల్లా కొల్చారం టీకాకారుడు మల్లినాథసూరి ఊరంటారు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టిన మహానుభావుడు. ఆ గడ్డ కుర్రాడి చేత ఈ పొడి అమ్మిస్తున్నవాళ్ళను ఏమనాలి? కుర్రాణ్ణి అనను. రోజుకు ఇన్ని ఇళ్ళు, ఇన్ని బోర్డులు అని వాడి నెత్తిన లెక్క పెట్టినవాడు వేరే ఉన్నాడు. పైగా ఆ బోర్డుల మీద చెమ్మ తగలకుండా బంక పోసేస్తారు. అందులో చిన్న ఫ్యూజు కాలినా గోకి తీసి టంకం పెట్టే ఓపిక ఇప్పుడెవరికుంది? మొత్తం మార్చు. కంపెనీవాడి నిఘంటువులో ‘బాగుచేయు’ అన్న ధాతువే లేదు.

తర్కము: కొండ మీద పొగ ఉంది గనక నిప్పు ఉంది. ఇది అనుమానం. మెషీను మీద దీపం లేదు గనక బోర్డు లేదు. ఇది మా కుర్రాడి అనుమానం. ఇందులో హేతువు సవ్యభిచారం, అంటే కట్టుబడి ఉండేది కాదు. ప్లగ్గు వదులైనా దీపం ఉండదు, తీగ తెగినా ఉండదు. ‘టెస్టరు వెలిగింది కదా’ అందువా, అదే అసలు మోసం. టెస్టరు ఫేజు తీగను మాత్రమే ముట్టుకుంటుంది. అందులోంచి మన ఒంటి మీదుగా నేలకు దిగే అణువంత కరెంటుకే ఆ దీపం మినుకుతుంది. న్యూట్రల్ తీగ బతికి ఉందో లేదో దానికి తెలియదు. మెషీనుకు వచ్చే దారితో పాటు తిరిగిపోయే దారి కూడా కావాలి.

ఇదంతా నేను కనిపెట్టలేదు. నేను బాలవ్యాకరణం తిరగేస్తూ ఉండగా మా ఆవిడ ఇస్త్రీపెట్టె తెచ్చి అదే సాకెట్టులో పెట్టింది. వేడెక్కలేదు. హాల్లో పెట్టింది. వేడెక్కింది. శాస్త్రంలో దీన్ని అన్వయవ్యతిరేకాలంటారని చెప్పబోతే, “ఏమండీ, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి” అంది.

వీధి చివరి ఎలక్ట్రీషియన్ మెయిన్ కట్టేసి గోడ పలక విప్పాడు. 16 ఆంపియర్ల సాకెట్టు వెనక న్యూట్రల్ మర వదులై ఉంది. మెషీను నీళ్ళు కాచేటప్పుడు 2,000 వాట్లు లాగుతుంది. ఆ వదులు దగ్గర వేడి పుట్టి, తీగ మీది తొడుగు అట్లకాడకు అంటిన మాడులా నల్లబడి, కొస పుటుక్కున తెగింది. మాడిన ముక్క కత్తిరించి, కొత్త సాకెట్టు బిగించాడు. మెషీను కుయ్యిమంది. కాళిదాసు వాక్కు దుర్వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిందని మల్లినాథుడు తన టీకకు ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. మా మెషీనూ అంతే, మూర్ఛే.

సిద్ధాంతము: ఇంతకీ మూలంలో దోషం ఉందా? లేదు. ‘బోర్డు’ శబ్దం శ్లిష్టం. మెషీను లోపలిది ఒక బోర్డు, గోడకున్న స్విచ్‌బోర్డు ఇంకో బోర్డు. వోయింది రెండోది. మార్చాలె, మార్చాం. తప్పంతా 6,500 అన్న ఎస్టిమేటు టీకది.

సాయంత్రం కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. మా సేవకు పదికి ఎన్ని మార్కులిస్తారు సార్ అంది. సంధికి పది ఇచ్చాను. తర్కానికి ఎంతని ఆ అమ్మాయి అడగలేదు. దుప్పట్లు రెండోసారి తిరుగుతున్నాయి. వాసన ఇంకా పోలేదు.