గట్టితనాన్ని బలమనుకున్నాను

రామగుండం వైపు రోడ్డు పని చూస్తున్న రోజుల్లో నాకు ఒకటే భయం: తారు మెత్తబడుతుందని. అక్కడ మే నెల మధ్యాహ్నం తారురోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటడం మామూలే. బొగ్గు లారీల చక్రాల కింద రోడ్డు కుంగితే నన్నే అడుగుతారు. అందుకే తారు ఎంత గట్టిగా ఉంటే అంత మేలని నమ్మాను.

హాట్‌మిక్స్ ప్లాంటు దూరం. దారిలో మాలు చల్లారిపోతుందని ఇంకా కాయించమన్నాను. మేం వాడిన వీజీ-30 తారుకు మిశ్రమం వేడి 165 డిగ్రీలు దాటకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. కాస్త ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను. టిప్పరు మీద నీలంపొగ లేస్తుంటే మంచి వేడి మీద వచ్చిందని సంతోషించాను. "తారు మాడిపోతోంది సార్" అని ప్లాంటు ఆపరేటరు చెప్పినా వినలేదు.

కలిపేటప్పుడు కంకర చుట్టూ తారు మిల్లీమీటరులో వందో వంతు మందాన పరుచుకుంటుంది. అంత పలచటి పొరకు అంత వేడిలో గాలి సోకితే తేలికపాటి నూనెలు ఆవిరైపోతాయి. ఆక్సిజన్ చేరి, తారును సాగనిచ్చే భాగాలు తగ్గిపోతాయి, గట్టి ఆస్ఫాల్టీన్లు పెరుగుతాయి. ఎండలో ఏళ్ల తరబడి రావాల్సిన ముసలితనంలో చాలా భాగం ప్లాంటులోనే, నిమిషాల్లో వచ్చేస్తుంది. దాన్ని అంచనా వేయడానికే ల్యాబులో తారును గాజు సీసాల్లో పోసి, 163 డిగ్రీల దగ్గర 85 నిమిషాలు తిప్పుతారు. ఆ అంకెలు కాలేజీ రోజుల నుంచీ నాకు కంఠతా వచ్చు. అవి ఎందుకో ఆలోచించలేదు.

మొదటి ఎండాకాలం రోడ్డు ఎక్కడా కుంగలేదు. గర్వపడ్డాను. ఆ తర్వాత నలుపు పోయి బూడిదరంగు తేలింది. పగటి ఎండకు వ్యాకోచించి రాత్రి చలికి ముడుచుకునే రోడ్డుకు సాగే తారు కావాలి. మాది సాగలేక పైనుంచి చీలింది. వానాకాలం నీళ్లు దిగి కంకర లేచిపోయింది. ముక్క కోసి, తారు విడదీసి చూశారు. 25 డిగ్రీల దగ్గర, 100 గ్రాముల బరువుతో, 5 సెకన్లలో పరీక్ష సూది కొత్త వీజీ-30లో కనీసం నాలుగున్నర మిల్లీమీటర్లు దిగాలి. మా తారులో అందులో సగం కూడా దిగలేదు.

పైన ఇంకో పొర పడేదాకా ఆ దారిన బడికి, ఆస్పత్రికి వెళ్లేవాళ్లు గుంతల్లోనే తిరిగారు. సమావేశంలో కాంట్రాక్టరు మండే ఎండల్ని తప్పుపట్టాడు. నేను కాదనలేదు. ప్లాంటులో వేడి పెంచమన్నది నేనేనని ఆ గదిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే, ఆపరేటరు హెచ్చరిక అయినా కాగితం మీద నమోదయ్యేది.