ఏజెన్సీ చాప్టర్ చెప్పిన మాస్టారు

బీకాం పిల్లలకు బిజినెస్ లా చెప్పేవాణ్ణి. అందులో నాకు బాగా ఇష్టమైంది ఏజెన్సీ చాప్టర్. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 182 దగ్గర ఎత్తుకునేవాణ్ణి. ఏజెంటు అంటే ఎవరు, ప్రిన్సిపల్ అంటే ఎవరు, ఏజెంటు తన పనిని ఇంకొకడికి అప్పజెప్పొచ్చా (190), ఏజెంటు చేసినదానికి ప్రిన్సిపల్ ఎంతవరకు కట్టుబడాలి (226), ఏజెంటుకు లేని అధికారాన్ని ఉన్నట్టు జనాన్ని నమ్మనిచ్చిన ప్రిన్సిపల్ గతేమిటి (237)... ఇదంతా పుస్తకం తెరవకుండా చెప్పేవాణ్ణి. పరీక్షలో పెద్ద ప్రశ్న ఎక్కువగా అక్కణ్ణించే పడేది కాబట్టి వెనక బెంచీలవాళ్లు కూడా వినేవారు.

అలాంటి నన్ను తీసుకెళ్లి దూరవిద్యా కేంద్రంలో వేశారు. బయటి స్టడీ సెంటర్లతో ఒప్పందాలు చూసే పని నాది. ఆ ఒప్పందం ముసాయిదా రాసిన మహానుభావుణ్ణి నేనే. రాస్తున్నంతసేపూ పై సెక్షన్లలో ఒక్కటంటే ఒక్కటి నాకు గుర్తుకు రాలేదు.

యూనివర్సిటీ పేరు మాత్రం అడక్కండి. పింఛను వచ్చేది అక్కణ్ణించే.

స్టడీ సెంటర్ అనే ఏర్పాటు పుట్టుకతో చెడ్డదేం కాదు. 1972లో ఆంధ్రా యూనివర్సిటీ కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టినప్పుడు పాఠాలు పోస్టులో వెళ్లేవి. చదువుకునేవాడికీ యూనివర్సిటీకీ మధ్య పోస్ట్‌మాన్ తప్ప ఎవరూ లేరు. 1982లో మన రాష్ట్రంలో దేశానికే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ. మొదటి వీసీ జి. రామ్‌రెడ్డి గారు. ఆయనే మూడేళ్ల తర్వాత ఢిల్లీ వెళ్లి ఇగ్నోకి కూడా మొదటి వీసీ అయ్యారు. అంబేద్కర్ యూనివర్సిటీ స్టడీ సెంటర్లు ఎక్కువగా సర్కారు డిగ్రీ కాలేజీల్లోనే నడిచాయి. ఆదివారం గదులు ఖాళీ, లెక్చరర్లు ఊళ్లోనే ఉంటారు, ల్యాబు తాళం అటెండరు దగ్గర ఉంటుంది. క్లాసు తీసుకున్నవాడికి గంటల లెక్కన రెమ్యునరేషన్. ఎంతమంది చేరారన్నదానితో వాడికి పనిలేదు.

మా దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఎంసీఏ, ఎంబీఏలకు గిరాకీ పెరిగింది. మా సొంత ల్యాబులు క్యాంపస్ దాటి లేవు. ఊరూరా కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు మాత్రం ఉన్నాయి. ఇటు చూస్తే సర్కారిచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకూ పింఛన్లకూ బొటాబొటి. దూరవిద్య డీడీలు బాగా పడిన నెల క్యాంపస్‌లో జీతాలు టైముకి పడేవి. అందుకని మా ఆఫీసంటే అందరికీ అవసరమే, ఎవరికీ గౌరవం లేదు. ఆ గౌరవం సంపాదించి పెడదామని నేను నడుం కట్టాను.

ఒప్పందంలో నా ప్రతాపమంతా వాటా క్లాజు మీద చూపించాను. ఫీజులో సెంటర్‌కి ఎంత, మాకు ఎంత అని. సెంటర్ల యజమానులు వచ్చి కూర్చుంటే చేపల మార్కెట్లో బేరం ఆడినట్టు ఆడాను. ఒక్కో శాతం లాక్కుని ఫైల్లో రాసుకుంటుంటే కలిగిన ఆనందం పీహెచ్‌డీ వైవా రోజున కూడా కలగలేదు. డీడీ ఏ తారీఖులోపు కట్టాలి, ఆలస్యమైతే జరిమానా ఎంత, డీడీ ఎవరి పేరన తీయాలి, ఇవన్నీ రెండు పేజీలు. పాఠాల గురించి ఒక్క వాక్యం: "కేంద్రము వారు తరగతులను తగు రీతిలో నిర్వహించవలెను." తగు రీతి అంటే ఎన్ని గంటలు, చెప్పేవాడి అర్హత ఏమిటి, చెప్పకపోతే ఏం చేస్తాం అన్నది రాయలేదు. పైగా అడ్మిషన్‌కి ఇంత అని వాటా పెట్టాను గదా, అడ్మిషన్ల కోసమే పరిగెత్తుతారని తట్టొద్దూ? సెంటర్‌వాడు తెలివైనవాడు. నేను దేనికి డబ్బిస్తానన్నానో అదే చేశాడు.

ఇది ఒక్క మన దగ్గరి జబ్బే కాదులెండి. ఇంగ్లండులో 2024 జనవరిలో అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీసు ఒక నివేదిక ఇచ్చింది. యూనివర్సిటీల పేరు మీద బయటి కాలేజీలు నడిపే కోర్సుల్లో చేరినవాళ్ల సంఖ్య 2018-19లో 50 వేల చిల్లర ఉంటే, మూడేళ్లలో లక్ష దాటింది. విద్యా రుణాల్లో దొరికిన మోసాల్లో ఆ కాలేజీల వాటా చూసి ఆడిటర్లు కళ్లు తేలేశారు. అది చదివినప్పుడు నాకు కలిగింది విచారం కాదు, అల్పసంతోషం. దొరల యూనివర్సిటీల్లోనూ నాలాంటివాడు ఒకడున్నాడన్నమాట.

మొదటి ఏడాది ఒక జిల్లా కేంద్రం నుంచి అప్లికేషన్ల కట్ట వచ్చింది. కొట్టివేతలు లేవు, ఖాళీలు లేవు, ఫోటోలన్నీ ఒకే సైజులో అతికించి ఉన్నాయి. ముచ్చటేసింది. సెక్షన్ సూపరింటెండెంట్ గారు కట్ట నా బల్ల మీద విప్పి, నాలుగు ఫారాలు పక్కపక్కన పరిచారు.

"సార్, ఇవన్నీ ఒకే చెయ్యి రాసింది. 'శ్రీ' చూడండి, అన్నిట్లో ఒకేలా మెలిక తిరిగింది. ఫోన్ నంబరు కూడా అందరిదీ ఒకటే."

"పల్లెటూళ్ల పిల్లలమ్మా. అందరికీ ఫోన్లెక్కడివి? సెంటర్‌వాళ్లు దగ్గరుండి నింపించి ఉంటారు."

"అడ్రసు కూడా సెంటర్‌దే రాశారు సార్."

"మెటీరియల్ పోకుండా చేరుతుందిలే."

ఆవిడ ఫారాలు సర్దుకుని వెళ్లిపోయారు. నేను ఆ సాయంత్రమే ఆ సెంటర్‌కి మెచ్చుకోలు ఉత్తరం డిక్టేట్ చేశాను. దరఖాస్తులు పూర్తి చేయుటలో మిగతా కేంద్రములకు వీరు ఆదర్శమని. దాని ఫోటోస్టాట్ వాళ్లు ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టుకున్నారట.

ఇన్‌స్పెక్షన్ సంగతి చెప్పకపోతే ఈ పురాణం పూర్తికాదు. వెళ్లే తారీఖు ముందుగా ఉత్తరం రాసి మరీ వెళ్లేవాళ్లం. ఆ జిల్లా కేంద్రంలో కారు దిగగానే శాలువా. యజమాని "గురువుగారూ, గురువుగారూ" అంటూ మెట్లెక్కించాడు. పై అంతస్తులో ఎంబీఏ కాంటాక్ట్ క్లాసు. గది నిండా కుర్రాళ్లు, బల్లల మీద మా మెటీరియల్, ఇంకా ప్యాకింగు వాసన పోలేదు. కామర్స్ మాస్టారి దురద కొద్దీ ముందు వరసలో కుర్రాణ్ణి లేపి, బ్రేక్ ఈవెన్ పాయింట్ అంటే ఏమిటి బాబూ అనడిగాను. వాడు బిక్కచచ్చిపోయి, "నాది ఎంపీసీ సార్" అన్నాడు.

కింది అంతస్తులో వాళ్లదే ఇంటర్ కోచింగు నడుస్తోంది. యజమాని నవ్వి, "కొత్త బ్యాచ్ గురువుగారూ, కంగారు పడుతున్నారు" అన్నాడు. నేనూ నవ్వాను. ఎంపీసీ అన్న మాట నా చెవినపడింది. అర్థమూ అయింది. కానీ కింద గుత్తివంకాయ కూర, కోడిపలావు వేడివేడిగా ఉన్నాయని అప్పటికే చెప్పి ఉన్నారు. రిపోర్టులో "విద్యార్థులలో జిజ్ఞాస మెండుగా కలదు" అని రాశాను. తిరిగొచ్చేటప్పుడు కార్లో పూతరేకుల డబ్బా కూడా ఉంది.

ఆ ఊరి బస్టాండు ఎదురుగా పెద్ద హోర్డింగు. పైన మా యూనివర్సిటీ పేరు, ముద్ర. మధ్యలో టోపీ విసురుతున్న అమ్మాయి. కింద "100% పాస్ గ్యారంటీ". దాన్ని ఫోటో తీసి తెచ్చి, సెంటర్‌కి ఘాటుగా మెమో ఇచ్చాను. దేనికంటారు? ముద్రలోని నీలం రంగు మా అధికారిక నీలం కాదని. గ్యారంటీ మాట నా కంటికి ఆనలేదు. సెక్షన్ 237కి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. నేను దాని కిందే నిలబడి రంగు చూసుకుంటున్నాను.

తర్వాత తెలిసింది, ఆ సెంటర్ చుట్టుపక్కల మండలాల్లో తన సొంత సబ్‌సెంటర్లు పెట్టిందని. ఒక జిరాక్స్ షాపు, ఒక టైప్ ఇన్‌స్టిట్యూటు, ఇంకోచోట ఒకాయన ఇంటి వసారా. సబ్ ఏజెంటును పెట్టుకోకూడదు, వ్యాపార ఆచారం ఉంటే తప్ప అని తరగతిలో బల్ల గుద్ది చెప్పినవాణ్ణి నేను. ఫైల్లో ఏం రాశానంటారా? "గ్రామీణ ప్రాంతములకు విద్య విస్తరించుచున్నది."

హెచ్చరికలు లేవని చెప్పడానికి వీల్లేదు. 2005 ఫిబ్రవరిలో యశ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఒక చట్టం చేసుకుని వంద దాకా ప్రైవేటు యూనివర్సిటీలను కాగితాల మీద పుట్టిస్తే, కోర్టు వాటిని కొట్టేసింది. ఒక రాష్ట్రం చట్టంతో పుట్టిన యూనివర్సిటీ ఆ రాష్ట్రం ఎల్లలు దాటి సెంటర్లు పెట్టడం కుదరదని కూడా చెప్పింది. పేపర్లో చదివి, అదంతా గదుల్లేని యూనివర్సిటీల గొడవ అనుకున్నాను. మాది శాసనసభ చేసిన చట్టంతో పుట్టిన పాత సంస్థ గదా! మా పరిధి ఏయే జిల్లాలన్నది ఆ చట్టంలోనే రాసి ఉంది. ఆ పుస్తకం నా బీరువాలోనే ఉంది. మా సెంటర్లు అప్పటికే మూడు రాష్ట్రాల్లో ఉన్నాయి.

1991 నుంచి దూరవిద్యను చూసుకున్న కౌన్సిల్ ఇగ్నో గొడుగు కింద ఉండేది. 2013లో దాన్ని రద్దు చేసి ఆ అధికారం యూజీసీ తీసుకుంది. అదే ఏడాది ప్రాదేశిక పరిధి గురించి, ఫ్రాంచైజీలు కుదరవని యూజీసీ బహిరంగ ప్రకటన ఇచ్చింది. అప్పుడు మా ఆఫీసులో కదలిక వచ్చింది. సెంటర్ల రద్దు ఉత్తర్వులు టైపు చేయించాం. విద్యార్థులకు తెలియజేయాలని కట్టలు విప్పితే, అందరిదీ ఒకటే ఫోన్ నంబరు, ఒకటే అడ్రసు. మా విద్యార్థులకు మేం ఉత్తరం రాయాలన్నా ఆ యజమాని ద్వారానే పోవాలి. ఆయన మా ఉత్తర్వు అందుకున్న వారంలో బోర్డు మార్చేశాడు. ఇంకో రాష్ట్రపు యూనివర్సిటీ పేరు రాయించి, పిల్లలను ఆ కోర్సులోకి తోలేశాడు. మెటీరియల్ మీద కొత్త అట్ట వేశాడని విన్నాను.

కొందరు మాత్రం వెతుక్కుంటూ మా దగ్గరికే వచ్చారు. వాళ్లలో ఒకావిడ ప్రైవేటు బళ్లో టీచరు. రాత్రి రైల్లో నిలబడి వచ్చినట్టుంది, కాళ్లు వాచి ఉన్నాయి. రెండో ఏడాది ఫీజు కట్టిన రసీదు నా బల్ల మీద పెట్టింది. స్టేషనరీ షాపులో దొరికే మామూలు రసీదు పుస్తకంలోది, పైన ఏదో ఎడ్యుకేషనల్ సొసైటీ పేరు. మూలన ఊదారంగు రబ్బరు స్టాంపు, దాన్లో గుండ్రంగా మా యూనివర్సిటీ పేరు. ఆ డబ్బు మాకు చేరలేదు. రోల్స్‌లో ఆవిడ పేరు లేదు.

"ఇది మా రసీదు కాదమ్మా. మీరు కట్టింది వాళ్లకి, మాకు కాదు" అన్నాను.

"బోర్డు మీదే కదండీ" అంది.

నేను జవాబు చెప్పకుండా ఫైలు తిప్పాను. ఎన్నో బ్యాచ్‌లకు చెప్పిన సెక్షన్‌ని ఆవిడ ఆ ఒక్క ముక్కలో చెప్పేసింది. ఇంత తెలిసీ నోట్‌లో నేను రాసింది, "సదరు చెల్లింపుతో విశ్వవిద్యాలయమునకు ఎట్టి సంబంధము లేదు." చివరికి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఒక్కసారికి మినహాయింపు ఇచ్చి, రోల్స్‌లో లేనివాళ్లు ఫీజు కడితే పరీక్ష రాయనిమ్మంది. ఆవిడ మళ్లీ కట్టింది. ఈసారి డీడీ మా పేరన తీసింది, నేనే చెప్పాను ఎలా తీయాలో. రెండోసారి కట్టించుకున్న డబ్బులో నా వాటా జీతం కూడా ఉంటుంది, లెక్క వేసుకోదలచలేదు.

2017 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద. 2001-05 మధ్య చేరినవాళ్లవి నిలిపేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయంది. తర్వాత చేరినవాళ్లవి పూర్తిగా రద్దు. అప్పటికే ప్రమోషన్లు తీసుకుని, పిల్లలను కాలేజీల్లో చేర్పించిన ఇంజనీర్లు మళ్లీ హాల్ టికెట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. మా కోర్సులు ఆ తీర్పులోకి రాలేదు. అందుకు నేను దేవుడికి కొబ్బరికాయ కొట్టాను గానీ, ఆ టీచరమ్మ డిగ్రీ ఎక్కడైనా అక్కరకొచ్చిందో లేదో ఇంతవరకు కనుక్కోలేదు.

రిటైరయ్యాక ఇప్పుడు నన్ను సలహాదారుగా రమ్మంటున్నారు. ఆన్‌లైన్ కోర్సుల కంపెనీ ఒకటి ఏదో యూనివర్సిటీతో కలిసి డిగ్రీలు నడుపుతుందట. 2022 జనవరిలో యూజీసీ, ఎడ్‌టెక్ కంపెనీలతో ఫ్రాంచైజీ పద్ధతిలో డిగ్రీలు ఇవ్వకూడదని ప్రకటించింది. మాది ఫ్రాంచైజీ కాదు సార్, టెక్నాలజీ పార్ట్‌నర్‌షిప్ అన్నాడు ఆ కంపెనీ కుర్రాడు. ముసాయిదా మెయిల్లో పంపాడు. మా అబ్బాయి ప్రింటు తీసిచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని నేను ముందు తిప్పిన పేజీ వాటా క్లాజుది. చదివి, "ఇంకో అయిదు శాతం లాగొచ్చు" అని పైకే అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, మళ్లీ మొదలుపెట్టారా?" అంది.

అప్పుడు పెన్సిలు తీసి మార్జిన్‌లో రాశాను. రసీదు ఎవరి పేరన ఇస్తారు? విద్యార్థి ఫోన్ నంబరు యూనివర్సిటీ దగ్గర కూడా ఉంటుందా? మీరు మూసేస్తే ఆ విద్యార్థికి ఎవరు చెబుతారు? స్కాన్ చేయించి పంపాను. కుర్రాడు మర్యాదస్తుడు, "లీగల్ టీమ్‌ని అడిగి చెప్తాను సార్" అని జవాబిచ్చాడు. దసరా వెళ్లింది, సంక్రాంతీ వెళ్లింది. లీగల్ టీమ్ పెద్దదై ఉంటుంది.