తిరపతి క్షవరం

మా మేనల్లుడు కొండాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి తెల్లవారుజామున 4 గంటల 38 నిమిషాలకు ముహూర్తం. ఆవును లిఫ్టు ఎక్కించడానికి అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోలేదు కాబట్టి వెండి ఆవుతో సరిపెట్టుకుని వంటగదిలోకి నడిచాం. గట్టు మీద పొయ్యి ఉండాల్సిన చోట నల్లటి గాజు పలక మెరుస్తోంది. బర్నరు లేదు, నాబ్ లేదు, అగ్గి పెట్టే చోటే లేదు.

"టీవీని వెల్లకిలా పడుకోబెట్టారేంట్రా?" అంది మా అమ్మ.

"ఇండక్షన్ పొయ్యి అమ్మమ్మా. బిల్డరు ఫ్రీగా ఇచ్చాడు" అన్నాడు వాడు. కోటీ ఇరవై లక్షలు పోస్తే వచ్చిన ఫ్రీ!

పంతులుగారు కొత్త ఇత్తడి గిన్నెకు పసుపు రాయించి, పాలు పోయించి, పలక మీద పెట్టించారు. పలక మూడుసార్లు కీచుమని, ఒక ఎర్ర అక్షరం చూపించి ఆరిపోయింది. దానికి ఇత్తడి గిన్నె గిన్నె కాదు. అయస్కాంతం అంటుకునే అడుగు ఉంటేనే అది వేడెక్కిస్తుంది. ఈ సంగతి తెలియక మన తాతముత్తాతలు ఇత్తడిలో వండుకు తిని బతికేశారు పాపం. పక్క ఫ్లాటు తలుపు కొట్టి, పనికొచ్చే గిన్నె అడిగి తెచ్చాం. ఈసారి పాలు కాగాయి. అందరం చేతులు జోడించాం. పొంగు అంచు దాటి, గాజు మీద నున్నగా జారి, నాబ్‌లు ఉండాల్సిన చోట వెలుగుతున్న తెల్లచుక్కల మీదికి పాకింది. అంతే, పొయ్యి గుక్కపట్టి ఏడ్చి కళ్లు మూసుకుంది. మా కోడలు పట్టుచీర కొంగుతో తుడిచి పసుపు చేత్తో నొక్కింది. ఉలకలేదు. కడుక్కొచ్చి తడి చేత్తో నొక్కింది. పలకలేదు. పంతులుగారు గడియారం చూసుకుని, "మూడు పొంగులు రావాలమ్మా, ఇది ఒకటిన్నర" అన్నారు.

చివరికి వాచ్‌మన్ ఇంట్లోని ఒంటి బర్నరు గ్యాసు పొయ్యి, చిన్న సిలిండరుతో సహా లిఫ్టెక్కి వచ్చింది. ఆవుకు దక్కని మర్యాద దానికి దక్కింది. మిగతా ఒకటిన్నర పొంగూ దాని మీదే.

ఆ పలక బుర్ర ఎలా పనిచేస్తుందో తర్వాత కనుక్కున్నాను. గాజు కింద చిన్నచిన్న రాగి బిళ్లలుంటాయి. మన వేలు తగిలితే అక్కడి విద్యుత్తులో కలిగే కాస్త తేడాను అవి కనిపెడతాయి. అయితే ఆ తేడా వేలే తేవాలని రూలేమీ లేదు. నీళ్లు తెస్తాయి, పాలు తెస్తాయి, సాంబారు తెస్తుంది. పాలు ఒలికితే ఎవరో పది వేళ్లతో ఒకేసారి నొక్కేస్తున్నారని అనుకుని అది భయపడి ఆగిపోతుంది. వంటింట్లో తడి ఉంటుందని, పొయ్యి మీద పాలు పొంగుతాయని దాన్ని గీసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేరు. అతనింట్లో పాలు ప్యాకెట్‌లోనే పొంగుతాయేమో.

ఇంతకీ నాబ్ ఎందుకు తీసేశారు? అందం కోసమని మనం అనుకుంటాం. కంపెనీవాళ్లు అనుకోనిస్తారు. నాబ్ పెట్టాలంటే గాజుకు చిల్లు పొడవాలి, గాజు పగలకుండా పొడవాలి. ఇరుసు కావాలి, నీరు దిగకుండా రబ్బరు వాషరు కావాలి, పైన తొడుగు కావాలి, ఇవన్నీ బిగించడానికి ఒక మనిషి కావాలి. రాగి బిళ్లకు ఇవేవీ అక్కర్లేదు. లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఎలాగూ రాగి గీతలు అచ్చువేస్తారు, వాటితోపాటే ఇదీ అచ్చయిపోతుంది. అలా వాళ్లకు మిగిలిన డబ్బుకు 'ప్రీమియం లుక్' అని పేరుపెట్టి మనకే ఎక్కువ ధరకు అమ్ముతారు. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఇక్కడ సోకు కూడా వాళ్ల పొదుపే. మనది మాత్రం సొమ్ము ఒక్కటే.

తిరపతి క్షవరం అంటే తెలియని తెలుగువాడు ఉండడు. కల్యాణకట్టలో రద్దీ రోజున ఒకాయన తల మీద ఒక చార గీసి, "ఉండు నాయనా" అని కూర్చోబెట్టి, ఇంకొకాయన్ని పిలిచి ఆయనకో చార గీసేవారని పాత మాట. సగం గుండుతో ఎవడు మాత్రం ఎక్కడికి పోతాడు? ఫోన్ల కంపెనీలు ఈ కిటుకును మనకంటే బాగా చదివాయి. ముందు బ్యాటరీ మూత గొరిగారు. పాత నోకియా ఫోన్ల బీఎల్-5సీ బ్యాటరీ తెలుసుగా? ఉబ్బితే సందు చివర కొట్లో కొత్తది కొనుక్కుని, గోరుతో మూత తీసి మనమే వేసుకునేవాళ్లం. ఇప్పుడు బ్యాటరీని జిగురుతో అంటించి పైన అద్దం అతికిస్తున్నారు. విప్పాలంటే వేడి పెట్టాలి, పల్చటి పరికరాలతో పెల్లగించాలి. వెనక అద్దం ఎందుకయ్యా అంటే వైర్‌లెస్ చార్జింగ్ కోసమంటారు. ఆ సౌకర్యమే లేని ఫోనుకూ వెనక మెరుపు పలక ఎందుకుందని అడిగితే వినబడనట్టు నటిస్తారు.

రెండో చార 2016 సెప్టెంబరులో పడింది. ఐఫోన్ 7లో ఇయర్‌ఫోన్ పెట్టుకునే 3.5 మిల్లీమీటర్ల చిల్లు మాయమైంది. ఎందుకు తీశారంటే, ధైర్యం కావాలి కాబట్టి అన్నారు యాపిల్ కంపెనీ పెద్దల్లో ఒకరైన ఫిల్ షిల్లర్, వేదిక మీద, నవ్వకుండా. అదే రోజు అదే వేదిక మీద ఎయిర్‌పాడ్స్ అనే 159 డాలర్ల వైరు లేని ఇయర్‌ఫోన్లు దర్శనమిచ్చాయి. కొండ మీద మనం ఇచ్చిన జుట్టు వేలంలో అమ్ముడై విగ్గులవుతుంది. ఆ విగ్గును మళ్లీ మన నెత్తికే అమ్మాలన్న ఆలోచన మాత్రం దేవస్థానానికి ఇంతవరకు రాలేదు. 2020లో ఐఫోన్ 12 డబ్బాలోంచి చార్జరును పర్యావరణం పేరు చెప్పి తీసేశారు. డబ్బా సన్నబడింది, ఓడలో ఎక్కువ డబ్బాలు పట్టాయి, ధరకు మాత్రం పర్యావరణం మీద జాలి కలగలేదు. దీన్ని చూసి ఎగతాళి చేసిన శాంసంగ్ వాళ్లు, 2021 జనవరిలో గెలాక్సీ ఎస్21 డబ్బాను గుట్టుచప్పుడు కాకుండా అలాగే ఖాళీ చేశారు. క్షవరంలో పోటీ అంటే ఇలాగే ఉంటుంది. కత్తులే వేరు, తల ఒకటే.

సరే, గొరగడంలో కూడా నేర్పు ఉందనుకుందాం. మరి యాపిల్ వాళ్లు 2015లో తెచ్చిన మ్యాజిక్ మౌస్ 2 మాటేమిటి? పైనుంచి చూస్తే నదిలో అరిగిన గులకరాయిలా ముచ్చటగా ఉంటుంది. చార్జింగ్ చిల్లు మాత్రం పొట్ట కింద పెట్టారు. చార్జి ఎక్కుతున్నంతసేపు ఆ ఎలుక, బోనులో చచ్చిన ఎలుకలా కాళ్లు పైకెత్తి పడుకుంటుంది. అప్పుడు దాంతో పనిచేయడం కుదరదు. తొమ్మిదేళ్లు ప్రపంచమంతా నవ్వింది. 2024లో చిల్లు ఆకారం మార్చారు. చోటు మాత్రం మార్చలేదు, పొట్ట కిందే ఉంచారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు కూడా ఇంతకాలం పట్టుబట్టి ఉండడు.

ఇక సన్నదనం పిచ్చి. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ ఎయిర్ మందం 5.64 మిల్లీమీటర్లట, మన దేశంలో అప్పటి వెల 1,19,900 రూపాయలు. ఆ కొలతలో కెమెరా ఉన్న ఎత్తు కలవదు. దర్జీ దగ్గర నేనూ ఇలాగే పొట్ట వదిలేసి నడుము కొలవమంటాను, వాడు ఒప్పుకోడు. ఫోను సన్నబడ్డ కొద్దీ బ్యాటరీకి చోటు తగ్గుతుంది. దానికి మందు పవర్‌బ్యాంకు. జారి పడుతుందన్న భయానికి మందు పౌచ్.

మొన్నొకరోజు అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పౌచ్ కోసం నిలబడ్డాను. కొట్టు కుర్రాడు నా ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిలిటరీ పౌచ్ ఉంది సార్, మూడో మంజిల్ నుంచి పడ్డా ఏం కాదు. రెండొందల యాభై" అన్నాడు. తొడిగాడు. వెనకున్న మెరుపు, వంపు, సముద్రపు నీలమని పేరుపెట్టిన ఆ రంగు అన్నీ నల్ల రబ్బరులో మునిగిపోయాయి. చేతికి పట్టు దొరికింది. బల్ల మీద ఊగడం మానేసింది. కంపెనీలో వందలమంది నెలల తరబడి కూర్చుని చేయని పని, రెండు నిమిషాల్లో రెండొందల యాభైకి అయిపోయింది. నాలుగు అడుగుల ఆ కొట్లో గోడ నిండా పౌచ్‌లే. మిల్లీమీటరు మిల్లీమీటరు గీకి సన్నం చేసినదంతా ఆ గోడ మీద మళ్లీ వేలాడుతోంది.

అందం వద్దని నేననడం లేదు. మా నాయనమ్మ మరచెంబు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మూత తిప్పి బిగిస్తే కాశీదాకా వెళ్లొచ్చినా చుక్క కారదు. ఆ మూతే గ్లాసు. చూడ్డానికీ పెళ్లికూతురిలా ఉంటుంది. దాని నడుము ఒంపు ఎందుకుందో చేత్తో పట్టుకున్న ఎవరికైనా తెలుస్తుంది. అలాగని చవకైతే చాలు, తక్కినవి అవే వస్తాయనుకున్నవాళ్లనూ చూశాం. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ గారు విద్యార్థుల కోసం విడుదల చేసిన ఆకాశ్ టాబ్లెట్‌ను మరిచిపోయారా? సర్కారు కొన్న ధర 2,276 రూపాయలు. బిగించింది మన హైదరాబాద్‌లోనే. తెర ఒత్తిడికి పలికే పాత రకం. వేలు ఆనిస్తే చాలదు, గోరుతో గుచ్చాలి. ఆకాశమంత ఆశపడ్డ పిల్లలకు గోరు అరగడం మిగిలింది.

ఈ మూడూ, అంటే ధర, సోకు, పని, ఒక్కచోట కుదరవా అంటే కుదురుతాయి. గీసేవాడు ముందుగా వాడేవాడి చెయ్యి చూస్తే కుదురుతాయి. 1960లలో బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు ఇంట్లో విదేశీ మిక్సీ, మన మసాలాలు రుబ్బలేక మోటారు కాల్చుకుంది. ఆయన కూర్చుని సుమీత్ మిక్సీ చేశాడు. అది కొలత పెట్టుకున్నది మన నానబెట్టిన మినప్పప్పును, ఎండు పసుపు కొమ్మును. ముందు ఒక పెద్ద నాబ్, తడి చేత్తో తిప్పినా తిరిగేది. మోత అంటారా, గారెల రోజున వీధికంతా కబురు తెలిసేది. ఆ మోతను మాత్రం నేను వెనకేసుకు రాను.

2003లో వచ్చిన నోకియా 1100 ఇంకో సంగతి. మీటల మధ్య దుమ్ము దూరకుండా ఒకే రబ్బరు పరుపు, చెమట చేతిలో జారని పక్కలు, నెత్తిన చిన్న టార్చి. ఆ టార్చిని చూసి పెద్ద ఊళ్లవాళ్లు నవ్వారు. రాత్రి పూట త్రీఫేజు కరెంటు వస్తే మోటారు వేయడానికి గట్ల మీద పాములను తప్పించుకుంటూ నడిచే రైతు నవ్వలేదు. అలాంటి ఫోన్లు పాతిక కోట్లు అమ్ముడయ్యాయి. ఇంతకంటే అందంగా ఉండమని దాన్ని ఎవరూ బతిమాలలేదు.

గొరిగినవాళ్లు ఇప్పుడు మళ్లీ జుట్టు అతికిస్తున్నారు, అదీ చూడండి. 2009లో పాటల మీటలన్నీ తీసేసిన యాపిల్ ఐపాడ్ షఫుల్, 2010లో మీటలతో తిరిగొచ్చింది. 2015 నుంచి మ్యాక్‌బుక్‌లను సన్నం చేయడానికి పెట్టిన 'సీతాకోకచిలుక' కీబోర్డులో దుమ్ము రవ్వ పడితే అక్షరం పలికేది కాదు, లేదా రెండుసార్లు పలికేది. 2019 చివర్లో పాత పద్ధతికి తిరిగొచ్చారు, 2022లో కోర్టు వ్యవహారం తెంపుకోవడానికి 5 కోట్ల డాలర్లకు రాజీపడ్డారు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి, వాడేవాడే తీసి మార్చుకోగలిగేలా బ్యాటరీ ఉండాలని చట్టం రాశారు, కొన్ని మినహాయింపులతో. కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి హారను, వైపరు, ఇండికేటరు లాంటివాటికి చేతికి తగిలే మీటలుంటేనే పూర్తి మార్కులు అంటోంది. హారన్ కొట్టడానికి మీట ఉండాలని కొత్తగా కనిపెట్టారన్నమాట. వచ్చే ఏడాది ఎవరో ఒకరు వేదికెక్కి, చేతులు చాచి, 'నాబ్' అనే అద్భుతాన్ని ప్రపంచానికి పరిచయం చేస్తారు. మనం చప్పట్లు కొట్టి, ముందే డబ్బు కట్టి, వరసలో నిలబడతాం.

నిలబడతాం అంటున్నానంటే ఊరికే కాదు. పోయిన దసరాకు టీవీ కొనడానికి నేనే షోరూముకు వెళ్లాను. వరసగా ఇరవై టీవీలు, అన్నిట్లో అదే నెమలి. నేను రిమోటు పట్టి చూశానా? వెనక వైరు పెట్టే చోటు గోడకు ఆనుతుందా అని అడిగానా? "అంచు లేనే లేదు సార్, చూడండి, గాల్లో ఉన్నట్టుంటుంది" అన్నాడు కుర్రాడు. గాల్లో ఉన్నదాన్నే తెచ్చాను. దాని రెండు కాళ్లు ఆ చివరొకటి, ఈ చివరొకటి. మా బల్ల వాటికి నాలుగు అంగుళాలు చాలలేదు. బల్ల కొన్నాం. రిమోటు మీద మీటలు ఎనిమిది, అందులో నాలుగు మేం చందా కట్టని సినిమా కంపెనీలవి, అంకెలు లేవు. మా అమ్మ దానికి పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసింది. ఏది నొక్కితే ఏదొస్తుందో గుర్తు కోసం పైన ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టుకుంది. ఆవిడ డిజైను కాలేజీకి వెళ్లలేదు.

మొన్న సంక్రాంతికి మేనల్లుడి ఇంటికి వెళ్లాం. వంటగది గట్టు మీద, ఓ పక్కగా, మూడు బర్నర్ల మామూలు గ్యాసు పొయ్యి, ముందు మూడు నాబ్‌లు. దాని మీద అరిసెల పాకం ఉడుకుతోంది. నల్ల పలక మీద క్రోషియా గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద పోపుల డబ్బా, దాని పక్కన ప్లాస్టిక్ గులాబీల కుండీ.

"అదేంట్రా, అంత ఖరీదైన పొయ్యి?" అన్నాను.

"ఎవరైనా వస్తే గుడ్డ తీసి చూపిస్తాం మామయ్యా" అన్నాడు.