నేను మోసిన జెండాలు

నేను టేకు కర్రను. పుట్టింది నల్లమలలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవిలో. నన్ను కొట్టి, చెక్కి, నూనె పట్టించి గద్వాలలో ఒక కచేరీ ముందు పాతారు. జెండా మోయడమే నా బతుకు.

నేను నిలబడ్డ నేల నడిగడ్డ. ఒకవైపు కృష్ణ, మరోవైపు తుంగభద్ర. రెండూ ఆలంపురం దగ్గర కలుస్తాయి. పడమటికి పోయే కొద్దీ ఇదే రాయచూరు అంతర్వేది. రెండు నదుల నడుమ పంట పండే నేల ఎవరికి చేదు? బహమనీ సుల్తానులూ విజయనగర రాజులూ దీనికోసం తరతరాలు కొట్లాడారు. తర్వాత సోమనాద్రి అనే రాజు గద్వాలలో కోట కట్టించాడు. కృష్ణకు అవతల వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు సంస్థానాలు వెలిశాయి. ఎవరి కోట వారిదే, ఎవరి కవిపండితులు వారికే. అయినా అందరూ హైదరాబాదు నిజాముకు పేష్కష్, అంటే కప్పం, కట్టవలసిందే.

నేను మొదట మోసింది ఆ నిజాం జెండానే. పసుపు రంగు గుడ్డ, నడుమ గుండ్రని గుర్తు. అది చందమామ అనుకునేవాళ్లు చాలామంది. కాదు, అది కుల్చా రొట్టె. మొదటి నిజాముకు ఒక సూఫీ సాధువు కుల్చాలు పెట్టాడనీ, ఆయన ఏడు తిన్నాడనీ, అందుకే ఏడు తరాలు ఏలుతావని సాధువు దీవించాడనీ కథ. ఆకలి తీర్చిన రొట్టెను జెండా మీద పెట్టుకున్న వంశం అది. ఆ గుర్తు అంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఆ జెండా కింద రైతులు చేసిన వెట్టిని మాత్రం మరచిపోలేను.

1947 ఆగస్టు 15న ఢిల్లీలో మువ్వన్నెల జెండా ఎగిరింది. ఇక్కడ నిజాం ఎగరనివ్వలేదు. ఆ రోజుల్లో ఒక రాత్రి కొందరు పడుచు పిల్లలు భయపడుతూనే వచ్చి నాకు ఖద్దరు జెండా కట్టారు. తెల్లవారేసరికి దాన్ని విప్పించేశారు. ఆ కొన్ని గడియలు నా బతుకులో అన్నిటికన్నా గొప్పవి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం మీదికి కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. అప్పటి నిజాం ఏడోవాడు. అటుపైన కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, నడుమ ఇరవై నాలుగు ఆకుల ధర్మచక్రం పట్టపగలు నా మీదికి వచ్చాయి.

కచేరీ తర్వాత బడి అయింది. ఒకనాడు ఒక సారు నా నీడలోనే పిల్లలను కూర్చోబెట్టి యూరప్ పటం విప్పారు. ఆగ్నేయాన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, ఆల్బేనియా అనే కొండల దేశం చూపించారు. దాని జెండా ఎర్రనిది, మధ్యలో రెండు తలల నల్ల గద్ద. 1443 నవంబరు 28న స్కాందర్‌బెగ్ అనే వీరుడు ఆటోమన్ తుర్కులను ఎదిరించి క్రూయా కోట మీద ఆ జెండా ఎత్తాడట. అతని తర్వాత దేశం మళ్లీ తుర్కుల చేతికి పోయింది. 1912లో సరిగ్గా అదే తేదీన ఇస్మాయిల్ కెమాలీ అనే నాయకుడు వ్లోరా పట్టణంలో స్వాతంత్ర్యం ప్రకటించి దాన్నే ఎత్తాడు. రెండు తలల పక్షి మనకూ కొత్త కాదని, విజయనగరపు అచ్యుతరాయల నాణేల మీద గండభేరుండం ఉందని సారు చెబితే పిల్లల కళ్లు మెరిశాయి.

నాకు పట్టుకున్నది మాత్రం ఆ తేదీ. ఆల్బేనియాలో నవంబరు 28 జెండా పండుగ. ఇక్కడ నా చుట్టూ చాక్లెట్ల కోసం నిలబడే పిల్లలకు తెలిసింది పంద్రాగస్టు ఒక్కటే. జెండా దించేసిన ఆ తెల్లవారుజాము వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బడుల సార్లకు, మేడమ్‌లకు నా మనవి ఇదే: వచ్చే పంద్రాగస్టు నాడు తాడు లాగే ముందు, ఈ జెండా మన నేలకు పదమూడు నెలలు ఆలస్యంగా వచ్చిందని, ఎందుకు ఆలస్యమైందో కూడా పిల్లలకు చెప్పండి.