ఐదు ఎంబీ పాటకు యాభై ఎంబీ వైభోగం

పాత పాటల ప్రియుల్లో ఒక యోగవిద్య బాగా వ్యాపించింది. 128 కేబీపీఎస్ ఎంపీ3 పాటను కన్వర్టర్‌లో పడేసి, వేవ్ ఫైలుగా మార్చి, పేరు పక్కన "ఒరిజినల్ క్వాలిటీ" అని తగిలించడమే ఆ విద్య. ఐదు నిమిషాల పాట లోపలికి వెళ్లేటప్పుడు 4.8 ఎంబీ, బయటికొచ్చేటప్పుడు 53 ఎంబీ. అణిమ నుంచి మహిమకు చేరడానికి మునులకు ఏళ్లు పట్టేదట. మనవాళ్లకు ఒక్క నొక్కు చాలు.

పెరిగిన ఆ 48 ఎంబీలో ఏముందని అడిగి చూడండి. వయొలిన్ల మెరుపు, తబలా గమకం, గాయకుడి ఊపిరి అంటారు. అవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయంటే మాత్రం మన చెవుల్నే అనుమానంగా చూస్తారు.

ఎంపీ3 కోసం జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని తేల్చిన లెక్క ఇది: పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం చెవికి ఆనదు కాబట్టి దాని మీద బిట్లు ఖర్చు చేయడం దండగ. సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' పదేపదే విని ఆ లెక్కను సరిదిద్దుకున్నారు. 1993లో ప్రమాణంగా అచ్చయింది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు పట్టే సంగీతం 128కి దిగిందంటే, కొంత తెలివిగా మడతపెట్టడం, మిగతాది నిక్షేపంగా పారేయడం. పారేసిన దాని చిరునామా ఫైల్లో ఎక్కడా రాసుండదు. ఇక కన్వర్టర్ దేన్ని వెతికి తెస్తుంది? ఆవకాయ ముక్కను కడిగి చెట్టుకు వేలాడదీస్తే మామిడికాయ అవుతుందా?

నమ్మకపోతే ఆ వేవ్ ఫైలు స్పెక్ట్రమ్ తెరిచి చూడండి. చాలా 128 ఫైళ్లలో 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టుంటుంది. వేవ్ చేశాకా ఆ కోత అక్కడే ఉంటుంది, పైన చీకటి. (యాభై దాటిన చెవులకు ఆ ఎగువ భాగం ఎలాగూ అందదు, అది వేరే సంగతి.) అసలు తమాషా ఏమిటంటే, ఎంపీ3 మోగించిన ప్రతిసారీ ఫోను ఇదే పని చేస్తుంది. విప్పి, వేవ్‌లో ఉండే ఆ అంకెలే స్పీకరుకు అందిస్తుంది. హార్డ్ డిస్కు అడగదు, బిరుదు కోరదు.

ఎడిటింగ్‌కు కూర్చునేవాళ్లు వేవ్ చేసుకుంటే అర్థముంది. మధ్యమధ్య ఎంపీ3గా సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త అరుగుతుంది కదా. పాత సీడీ ప్లేయరు కోసం ఆడియో సీడీ రాసుకున్నా సరే. వాళ్లతో పేచీ లేదు.

పేచీ అంతా టేపు నుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుంచి ఎంపీ3కి దిగిన పాటకు పట్టాభిషేకం చేసేవాళ్లతో. వాళ్లలోనూ తీవ్రవాదులున్నారు. 53 ఎంబీ సరిపోక, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అంటూ అదే పాటను 173 ఎంబీకి లాగుతారు. డాలస్‌లో ఉన్న మేనల్లుడికి పంపుతారు. ఫోన్లో చోటు లేక అతగాడు దాన్ని మళ్లీ ఎంపీ3 చేసుకుంటాడు, "సూపర్ క్వాలిటీ మావయ్యా" అని తిరిగి పంపుతాడు. మావయ్య మురిసిపోయి, కన్వర్టర్ తెరుస్తాడు.