కొత్త యాటకేల కొట్లాట? (టీకా తాత్పర్య సహితం)

అవతారిక: మడికొండలో, మెట్టుగుట్ట నీడన, ఒక ఇంటర్ పిల్లవాని ఫిజిక్స్ రికార్డు చివరి పేజీలో ఈ పద్యం దొరికింది. మిగతా పేజీలు చెదలు తిన్నాయేమో అని పరిశోధించగా, అసలు రాయనే లేదని తేలింది. మల్లినాథ సూరి మన మెదక్ సీమ కొలిచాల వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఈ పద్యానికి వ్యాఖ్య రాస్తున్న నాకు అలాంటి ఒట్టేమీ లేదు.

మూలం:

కొత్త యాటకేల కొట్లాట? యాగుమా,
నెలలు గడువ ధరలు నేలకొఱగు;
మంచి మాట వినుము మడికొండ బాలకా,
పాత డబ్బ చాలు, భళిర, నీకు.

ప్రతిపదార్థం: మడికొండ బాలకా = ఓ మడికొండ చిన్నవాడా; మంచి మాట = నీ మేలు కోరే మాటను (అనగా నువ్వు వినని మాటను); వినుము = ఆలకింపుము, ఇయర్‌ఫోన్లు తీసి అని శేషం; కొత్త ఆటకు = నిన్నగాక మొన్న విడుదలైన వీడియో గేముకై; కొట్లాట = తగవు; ఏల = ఎందుకు; ఆగుమా = ఓర్చుకొనుము; నెలలు గడువన్ = మాసములు జరుగగా; ధరలు = వెలలు; నేలకొఱగు = యుద్ధమున వీరులవలె కూలును; నీకు = చేత పైసలు లేని నీకు; పాత డబ్బ = వాడిన యంత్రమే; చాలు = సరిపోవును; భళిర = యతి కోసం వచ్చింది, వేరే పని లేదు.

వ్యాఖ్య: కొట్లాట ఎవరితో అని ఆకాంక్ష. నాయనతో అని సమాధానం. 2021 ఫిబ్రవరి 2న సోనీ వారి గేము యంత్రం పీఎస్5 మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు డిస్కు పట్టేదాని ధర 49,990 రూపాయలు, డిస్కు పట్టనిది 39,990. సోనీ వారి పెద్ద ఆట ఒక్కటి 4,999 దాకా పలికింది. "గా పైసలకు పాడిబర్రె వస్తదిరా" అని నాయన వాదం. బర్రె పాలిస్తుంది, ఈ డబ్బా కరెంటు తాగుతుంది అని హేతువు. దీన్ని ఖండించడం వ్యాఖ్యాత వల్ల కాదు.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. పదివేలు తక్కువని డిస్కు పట్టనిది తెచ్చుకున్నవాడు ఆదా చేశానని మురుస్తాడు. డిస్కు ఉన్నవాడు ఆడి అమ్ముకుంటాడు, దోస్తుతో మార్చుకుంటాడు, ఎవరో ఆడేసినది తక్కువకు కొంటాడు. ఒక్కో పాత డిస్కు మీద 2,500 మిగిలినా నాలుగో ఆటకే ఆ పదివేలు వసూలు. డిస్కు లేనివాడికి కంపెనీ దుకాణం చెప్పిందే ధర. కాబట్టి ఈ రెంటిలో బీదవానికి గిట్టేది ఖరీదైనదే.

"నెలలు గడువ" అన్నచోట కవి కొంత బొంకాడు. జీటీఏ 5 అనే ఆట కన్సోళ్లకు (టీవీకి తగిలించే గేము యంత్రాలకు) 2013లో, కంప్యూటర్లకు 2015లో వచ్చింది. 2020 మే నెలలో ఎపిక్ గేమ్స్ వారు దాన్ని ఉత్తగనే పంచారు. జనం ఎగబడితే ధరతో పాటు దుకాణం కూడా కాసేపు నేలకొరిగింది. అవి నెలలు కావు, ఐదేళ్లు. బాలుణ్ణి ఊరడించడానికి తగ్గించి చెప్పాడని సరిపెట్టుకోవాలి. అయితే అన్నిటికీ అంత తపస్సు అక్కర్లేదు. స్టీమ్ దుకాణం 2015 చివర్లో రూపాయల్లో ధరలు పెట్టింది. దాని ఎండాకాలం, చలికాలం అమ్మకాల్లో రెండు మూడేళ్ల నాటి ఆటలు సగానికో అంతకు తక్కువకో దొరకడం మామూలే. కొన్నాక నచ్చకపోతే, 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటలలోపే అయితే, పైసలు తిరిగిస్తారు. ఆట పాచిపోయే వస్తువు కాదు. పైగా ఆగినవానికి తప్పులు దిద్దిన ఆట దొరుకుతుంది. మొదటిరోజు కొన్నవాడు ఎదురు పైసలిచ్చి ఆ తప్పులు వెతికే కూలి చేశాడన్నమాట.

ఈ సూత్రానికి అవ్యాప్తి దోషం ఉంది. ఫోన్ల మీద ఉచితమని వచ్చే ఆటలకు ఇది వర్తించదు. 2021 జులైలో పబ్జీ స్థానంలో వచ్చిన బీజీఎంఐ దించుకోవడానికి రూపాయి అక్కర్లేదు. లోపల తుపాకీకి రంగు, మనిషికి అంగీ మాత్రం కొనాలి. ఆటకు ధరే లేనప్పుడు నేలకొరిగేదేముంది? పైగా అంగీ ఈ వారమే ఉంటుందని తొందరపెడతారు. ఓర్చుకున్నవానికి లాభం రాకుండా కట్టిన కోట ఇది; కవి దీన్ని చూసీచూడనట్టు వదిలేశాడు. అతివ్యాప్తి కూడా పరిహరించాలి: గెలిస్తే పైసలు, ఓడితే ఇల్లు అనే పందేలు ఆట శబ్దంలోకి రావు. వాటిని తెలంగాణ 2017లోనే, పార్లమెంటు 2025 ఆగస్టులో నిషేధించాయి.

"బాలక" అన్నది ఉపలక్షణం. 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరుచుకున్న మడికొండ ఐటీ పార్కులో నలభై దాటిన బాలకులు కూడా కనిపిస్తారు. వీరికి నాయనతో కొట్లాట ఉండదు, ఇంటావిడతో ఉంటుంది.

పాఠాంతరం: కాజీపేట ప్రతిలో "పాత డబ్బు చాలు" అని ఉంది. అది గ్రాహ్యం కాదు. ఈ సీమవాడు పైసలంటాడు గాని డబ్బు అనడు. పైగా పాత నోట్లు 2016 నవంబరులోనే చెల్లకుండా పోయాయి. కనుక "డబ్బ" అనే పాఠమే సాధువు. అది సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో దొరికే వాడిన ల్యాప్‌టాప్ కావచ్చు, అన్న కాలేజీ అయ్యాక అటక ఎక్కించిన కంప్యూటరైనా కావచ్చు. దుమ్ము దులిపి, పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్ ఒక ముక్క కలిపితే దానికి ప్రాణం వస్తుంది. 2002 నాటి వైస్ సిటీ ఆట 128 ఎంబీ ర్యామ్‌తోనే నడిచింది. సూపర్‌టక్స్‌కార్ట్, వెస్నోత్ వంటి ఆటలు న్యాయంగానే ఉచితం, అంగీలు అమ్మవు.

డబ్బకు ఇంకా ప్రాచీన రూపం టీవీకి తగిలించే వీడియో గేము. 90లలో దాని క్యాసెట్ మీద 9999 ఆటలని ఉండేది. తెరిస్తే మారియో, కాంట్రా, బాతుల వేట, మళ్లీ మారియో. ఆలంకారికులు పునరుక్తిని దోషమన్నారు; క్యాసెట్ చేసినవాడు దాన్నే వ్యాపారం చేసుకున్నాడు. అయినా ఎవరూ తిరిగిచ్చింది లేదు.

పూర్వపక్షం: పైసలు లేనివాడు క్రాక్ కాపీ ఆడితే ఏమి? అని కొందరు. దొంగ కాపీలతో వచ్చే వైరస్ సంగతి అటుంచండి. 2009లో పీఎస్2 కోసం పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి ఆట "హనుమాన్: బాయ్ వారియర్" హైదరాబాద్ ఆరోనా టెక్నాలజీస్ వారిది. మనవాళ్లు చేసే ఆటకు మనమే పైస ఇవ్వకపోతే ఇంకొకటి ఎవరు చేస్తారు? ఆగితే సగం ధరకు వచ్చేదాన్ని దొంగిలించడం బద్ధకమే గాని బీదతనం కాదు.

ఛందస్సు ఆటవెలది. ఆట వెల మీద పద్యానికి ఇంతకంటే ఏం కావాలి?

తాత్పర్యం: ఓ చిన్నవాడా, కొత్త గేము కోసం ఇంట్లో లొల్లి చేయకు, ధర పడ్డాక కొనుక్కో, ఉన్నదాని మీదే ఆడుకో.

విశేషం: ఎపిక్ వారి ఉచిత ఆట ప్రతి గురువారం రాత్రి 8:30కు మారుతుంది, చలికాలంలో 9:30కు. ఖాతా తెరిచి నొక్కాలి, ఆ వారం దాటితే మళ్లీ పైసలే.