సూర్యుడికీ ఈబీ అనుమతి కావాలి

తమిళనాడులోని ధర్మపురిలో సోలార్ అమ్మే కుర్రాళ్ళందరిదీ ఒకటే పాట. చేతిలో కరపత్రం తమిళంలో ఉంటుంది; గడప లోపల తెలుగు వినబడిందంటే చాలు, పాట తెలుగులోకి మారిపోతుంది. "ఒక్కసారి వేసుకోండన్నా, బిల్లు సున్నా. పాతికేళ్ళ గ్యారంటీ. ఇంక మీ ఇంట్లో కరెంటు పోయేదే లేదు." మొదటి మాట సగం నిజం. రెండోది పావు వంతు. మూడోది పచ్చి అబద్ధం. విచిత్రమేమిటంటే జనం సంతకం పెట్టేది ఆ మూడో మాట వినే.

పెట్టక ఏం చేస్తారు? ఎండకు కొదవ లేని నేల, గాలివానకూ కొదవ లేదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి గాలి లేస్తే అరటితోటలు పడుకుంటాయి, మామిడికాయలు రాలతాయి, వాటన్నిటికంటే ముందే కరెంటు పోతుంది. సముద్రం ఎక్కడో ఉంది, తుపాన్లు మనదాకా రావులే అనుకునేవాళ్ళకు 2024లో ఫెంగల్ వచ్చి జవాబు చెప్పింది. నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. బలహీనపడిందని అందరూ ఊపిరి పీల్చుకుంటున్న వేళ లోపలి జిల్లాల మీద విరుచుకుపడింది. ఒకప్పుడు ధర్మపురి జిల్లాలోనే ఉండి, 2004లో కృష్ణగిరి జిల్లాకు పోయిన ఊత్తంగరైలో డిసెంబరు 2 ఉదయానికి ఒక్కరోజులో 50 సెంటీమీటర్ల వాన. రోడ్డు పక్కన నిలిపిన బండ్లు వరదలో కొట్టుకుపోయాయి.

ఇక గాలివాన వెలిసిన మర్నాటి సంగతి. ఎండ ఫెళ్ళున కాస్తుంటుంది. మేడ మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు వానకు కడిగినట్టయి తళతళలాడుతుంటాయి. కింద ఫ్యాను తిరగదు, బోరు మోటారు నడవదు. గోడ మీద ఇన్వర్టరు ఎర్రదీపం పెట్టుకుని మౌనవ్రతంలో ఉంటుంది. ఇంటాయన ఫోన్ చేస్తే అవతల కుర్రాడు తొణకడు: "ఈబీ లైన్ వస్తేనే మనదీ వస్తుందన్నా." అంటే, సూర్యుడు వేళకు ఉదయించినా ఈబీ, అదే కరెంటు బోర్డు, వాళ్ళు ఊఁ అనేదాకా డ్యూటీ ఎక్కకూడదన్నమాట!

ఇందులో యంత్రం తప్పేమీ లేదు. వీధి లైను పోతే దానికి కలిపిన సోలార్ రెండు సెకన్లలోపు కరెంటు పంపడం ఆపేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనలు చెబుతున్నాయి. తెగిన తీగ ముడివేయడానికి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ఎవరి మేడ మీది నుంచో కరెంటు ఎదురొస్తే మనిషి దక్కడు. నిబంధన నూటికి నూరుపాళ్ళు సరైనదే. దాన్ని అడ్వాన్సు చేతికొచ్చేదాకా దాచిపెట్టడమే వ్యాపార రహస్యం. కరెంటు పోయినా ఇల్లు వెలగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, బ్యాటరీ కావాలి. ఆ మాట ఎత్తితే "అది వేరే కొటేషన్ అన్నా" అంటాడు.

తుపాను కొడితే బ్యాటరీ అవసరమన్నది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డాక నగరం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. 2017లో మరియా తుపాను ప్యూర్టోరికో విద్యుత్ వ్యవస్థను నేలమట్టం చేస్తే చాలా ఇళ్ళకు నెలల తరబడి కరెంటు రాలేదు. ఆ దెబ్బతో అక్కడివాళ్ళు ఇప్పుడు మేడ మీద ప్యానెళ్ళు పెట్టించుకుంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ బ్యాటరీతో కలిపే పెట్టించుకుంటున్నారు. మనవాళ్ళ కరపత్రంలో మాత్రం బ్యాటరీ బొమ్మకు కూడా చోటు చాలలేదు.

సున్నా బిల్లు సంగతి చూద్దాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 సబ్సిడీ. బ్యాటరీకి పైసా లేదు. కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయనుకుంటే మూడు కిలోవాట్లకు రెండు నెలల్లో 700 యూనిట్ల పైమాటే. తమిళనాడులో ఇళ్ళకు రెండు నెలలకోసారి బిల్లు. అందులో 100 యూనిట్లు 2016 నుంచి ఉచితం. రెండు ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్‌తో 200 యూనిట్లలోపు సరిపెట్టుకునే ముసలి దంపతులకు మూడు కిలోవాట్లు అంటగట్టడమంటే బోడిగుండుకు దువ్వెన అమ్మడమే. రెండు ఏసీలు నడిచే ఇంటికి సోలార్ నిజంగానే లాభం, కాదనడానికి లేదు. కానీ కుర్రాడి కళ్ళకు ఏసీలు కనబడవు, ఖాళీ మేడ కనబడుతుంది.

పాతికేళ్ళ గ్యారంటీ ఇంకో ముచ్చట. ఆ పాతికేళ్ళు ప్యానెల్ ఉత్పత్తి సుమారు 80 శాతం కంటే పడిపోదన్న మాటకే. ఇన్వర్టరుకు సాధారణంగా ఐదు నుంచి పదేళ్ళు. బిగించిన కంపెనీ పుట్టి ఎన్నేళ్ళయిందో ఎవరూ అడగరు. పైగా ఎండ ఎంత మండితే అంత కరెంటని ఒక నమ్మకం. ప్యానెల్ మీద రాసిన వాట్లు దాని ఒంటి వేడి 25 డిగ్రీలున్నప్పటి లెక్క. ఆపైన ప్రతి డిగ్రీకీ మూడో వంతు శాతం చొప్పున తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలుతుంటే పదో వంతుకు పైగా ఆవిరే. దుమ్ము కడగమంటారు సరే, ధర్మపురి బోరు ఉప్పునీళ్ళతో కడిగితే ఆరాక అద్దం మీద తెల్లటి పొర మిగులుతుంది. దాన్ని గోకడానికి ఇంటాయన ఇనుప పీచు పట్టుకుని మేడెక్కుతాడు, అద్దం మీది పూతకు ఆయుష్షు అక్కడితో సరి.

అన్నిటికంటే వినోదం ఆ ఎత్తు స్టాండ్లు. కింద బట్టలారేసుకోవచ్చు, మంచం వేసుకోవచ్చు అని పదడుగుల ఎత్తున పందిరిలా లేపుతున్నారు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. కింద ఖాళీ ఉంటే అడుగు నుంచి కూడా ఎత్తిపడేస్తుంది. ఏ ప్రాంతంలో ఎంత గాలికి కట్టాలో భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో పటం వేసి మరీ చెప్పారు. విశాఖ, చెన్నై తీరాలకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ధర్మపురికి అంత అక్కర్లేదు. కానీ ఎంత కావాలో కొటేషన్‌లో వెతికితే గాలి ఊసే ఉండదు. ప్యానెల్ కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇన్వర్టరుకు నాలుగు వరుసల వర్ణన ఉంటుంది. బోల్టులు ఎన్ని, కాంక్రీటులోకి ఎంత లోతు దిగుతాయి, పక్కింటి రేకుల మీద పడితే ఎవరు కట్టాలి అన్నవాటన్నిటికీ కలిపి చివర్న ఒకే ముక్క: "స్ట్రక్చర్ - 1 సెట్."